మధ్యలో వినీల

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతుంటే వరికయ్యలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట చెంచురామయ్య ఇల్లు ఉంది. ఆ ఇంట్లో మాట ఎప్పుడూ తిన్నగా నడిచింది లేదు. వెనక వంటింట్లో పెంచలమ్మ కాఫీ కలిపి, "మీ మామకు ఇప్పుడే కావాల్నేమో కనుక్కోమ్మే" అని కోడలితో అనేది. కోడలు వినీల నడవా దాటి ముందు వసారాలోకి వెళ్ళి అడిగేది. "చల్లారబెట్టి ఇచ్చేటట్టయితే నాకొద్దని చెప్పు మీ అత్తకు" అని చెంచురామయ్య అనేవాడు. మొగుడికీ పెళ్ళానికీ మధ్య ఉన్నది ఆ నడవా ఒక్కటే. కాస్త గొంతు పెంచితే సరిపోయేది. కానీ గుంటల నీళ్ళకు గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్ల మోత ఒకటి, ఇద్దరి బెట్టు ఒకటి, మాటను వసారాలోంచి వంటింటికి రానిచ్చేవి కావు.

ఆ బెట్టుకు కారణం చేపల పులుసు. ఇందుకూరుపేటలో తన చెల్లెలి కొత్తింట్లో, బంధువులంతా పంక్తిలో కూర్చుని ఉండగా, చెంచురామయ్య పులుసు మూడోసారి వేయించుకుని, "పులుసంటే ఇదిరా" అన్నాడు. పక్క పంక్తిలో ఉన్న పెంచలమ్మ అప్పుడేమీ అనలేదు. ఇంటికొచ్చాక కూడా ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడానికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు నిండాయి.

వినీల ఆ ఇంటికి చిన్న కోడలుగా వచ్చింది కూడా సరిగ్గా అప్పుడే. ఆమె రాకపోయి ఉంటే ముసలాళ్ళిద్దరూ పది రోజుల్లో రాజీపడేవాళ్ళేమో. మోసే మనిషి ఇంట్లోకి వచ్చాక రాజీ ఎవరికి కావాలి? ఆమెను కూర్చోబెట్టి ఇదీ నీ పని అని ఎవరూ చెప్పలేదు. గుమ్మం తొక్కిన మూడో రోజున ఆమె చేతికి ఒక గ్లాసూ ఒక మాటా కలిపి ఇచ్చారు, అంతే.

తరవాత ఆ ఇంటి పెద్ద కొడుకు, వినీలకు బావ అయిన పెంచలకృష్ణ కూడా ఆ వరసలో చేరాడు. పల్లంలో ఉన్న వరికయ్యను ఆయన రొయ్యల గుంట చేసిన రోజు నుంచీ తండ్రి ఆయనతో మాట్లాడటం మానేశాడు. ఆయన భార్య పిలకాయల చదువుల కోసం నెల్లూరులో ఉంటుంది కాబట్టి ఆయనకు సొంతంగా మాట మోసే మనిషి లేదు. "వినీలా, నాయనకు చెప్పు" అని ఆయన, "వాడికి చెప్పు" అని ఈయన. వినీల కాక ఇంట్లో అందరితోనూ నేరుగా మాట్లాడే ఒకే ఒక మనిషి ఆమె భర్త నరేంద్రబాబు. కాకపోతే ఆయన మంచి మాటలు మాత్రమే నేరుగా మాట్లాడేవాడు. కరెంటు మోటారు కాలిపోయిందనో, మేనత్త ఇంటి పెళ్ళికి తను రాలేననో చెప్పాల్సి వస్తే, "నువ్వు చెప్తే బాగుంటుంది" అని భార్యను ముందుకు తోసేవాడు. తమాషా ఏమిటంటే, ఆయన ఉద్యోగం పదిమందికి మాట్లాడటం నేర్పడం. నెల్లూరు చుట్టుపక్కల ఇంజినీరింగు కాలేజీలు తిరిగి సాఫ్ట్ స్కిల్స్ పాఠాలు చెబుతాడు.

ఇన్నేళ్ళూ వినీల మాటలు ఉన్నవి ఉన్నట్టు మోసిందనుకుంటే పొరపాటు. అలా మోసి ఉంటే ఆ ఇల్లు ఈపాటికి మూడు ముక్కలయ్యేది. "గట్టు తెంచి వాడి రొయ్యలన్నిట్నీ కాలవలో కలిపేస్తానని చెప్పు" అని మామ అరిస్తే, ఆమె గుంట దాకా నడిచి వెళ్ళి, "బావా, గట్టు ఇంకొంచెం ఎత్తు చేస్తే ఉప్పునీళ్ళు కయ్యలోకి దిగవేమో అంటుండాడు మామ" అని చెప్పేది. పెంచలకృష్ణ గట్టు ఎత్తు చేశాడు. ఆ ఏడు మామ కయ్య బాగానే పండింది. నా బెదిరింపు పనిచేసిందని ఆయన, నాయన మెత్తబడ్డాడని ఈయన సంతోషించారు. మధ్యలో ఎండకు నడిచిన మనిషిని మంచినీళ్ళు తాగావా అని అడిగినవాళ్ళు లేరు.

ఒక్కటే ఇబ్బంది. అందరి మాటలూ మోసి మోసి వినీలకు సొంత మాట పట్టుబడటం మానేసింది. బజారులో చీరలవాడు ఏ రంగు కావాలమ్మా అని అడిగితే, "అత్తయ్యకు ఆకుపచ్చ ఇష్టం" అనేది. పెళ్ళికి ముందు ఆమె బీఎస్సీ ఆక్వాకల్చర్ చదివింది. క్లాసులో మంచి పేరు తెచ్చుకుంది. పెళ్ళయ్యాక ఉద్యోగం చేయొచ్చని అప్పట్లో అందరూ తలలూపారు. ఊపిన తలలు ఊపిన చోటే ఆగిపోయాయి.

ఈ వేసవిలో ఇందుకూరుపేటలో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ ఒకటి తెరిచారని, మనిషి కావాలంటున్నారని తెలిసి వినీల ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. ల్యాబ్ నడిపే కరుణాకుమారి గారు సర్టిఫికెట్లు చూసి, "ఎందుకు చేరాలనుకుంటున్నారు?" అని అడిగారు. "మా ఇంట్లోవాళ్ళు ఏమంటారంటే" అని వినీల మొదలుపెట్టింది.

"మీ ఇంట్లోవాళ్ళను నేను పన్లోకి పిలవలేదమ్మా. మీ సంగతి చెప్పండి" అన్నారావిడ.

వినీల బల్ల మీది సర్టిఫికెట్లను ఒకటికి రెండుసార్లు సర్దింది. చివరికి, "నాకు ఆ పని వచ్చు. చెయ్యాలని ఉంది" అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. సోమవారం నుంచి రమ్మన్నారు. ఆటోలో తిరిగి వస్తూ ఆ రెండు వాక్యాలనూ ఆమె లోపల ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఈసారి పోనిస్తే ఇక జీవితంలో మరో వాక్యం తన నోట రాదని ఆమెకు గట్టిగా అనిపించింది.

నరేంద్రబాబు సరిగ్గా ఆ వారంలోనే చెన్నైలో గ్రూప్ డైనమిక్స్ మీద శిక్షణ పొంది, మెళ్ళో ట్యాగుతో దిగాడు. ట్యాగు ఇంటికొచ్చాక కూడా తియ్యలేదు. భార్య సంగతి చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. ఉద్యోగం వచ్చినందుకు కాదు, ఇంట్లో ఒక కేసు దొరికినందుకు.

"ఇది నీ ఒక్కదాని నిర్ణయం కాదు వినీ. గ్రూపును పక్కనపెట్టి ముందే నిర్ణయం తీసుకుంటే రెసిస్టెన్స్ వస్తుంది. ఆదివారం అందరం కూచుందాం. నేను ఫెసిలిటేట్ చేస్తాను."

"మీరు సరేనంటే వాళ్ళకు నేను మెల్లగా చెప్పుకుంటా" అంది వినీల.

"అదే, అదే తప్పు. అన్నీ నువ్వే చెప్తున్నావు. డైరెక్ట్ కమ్యూనికేషన్ లేదు. ఈ ఇంటికి బాటిల్‌నెక్ నువ్వే."

తొమ్మిదేళ్ళ చాకిరీకి ఒక పేరు ఉందని వినీలకు అప్పుడే తెలిసింది.

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక వసారా గోడకు నరేంద్రబాబు పెద్ద కాగితం అంటించాడు. దాని మీద అయిదు సున్నాలు గీశాడు. నాలుగు సున్నాల్లోంచి బాణాలన్నీ మధ్యలో ఉన్న అయిదో సున్నాకు పోయాయి. తండ్రి అది చూసి, "ఏందబ్బయ్యా, సాలెగూడు గీసినావే" అన్నాడు. పెంచలకృష్ణ గుంట కాడ మేత చల్లే పని మనిషికి అప్పజెప్పి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పెంచలమ్మ గడప లోపల కూర్చుంది. బయటికి వస్తే మొగుడి సమావేశానికి వచ్చినట్టు అవుతుందని ఆమె భయం.

నియమాలు రెండే అని నరేంద్రబాబు చెప్పాడు. ఎవరి చేతిలో గరిటె ఉంటే వాళ్ళే మాట్లాడాలి. తక్కినవాళ్ళు వినాలి. మాట ఎవరికి చెందుతుందో వాళ్ళ ముఖంలోకి చూసి చెప్పాలి, వినీలకు చెప్పకూడదు. చెన్నైలో దీనికి ఒక రంగుల బంతి వాడారట. బంతి లేక ఆయన వంటింట్లోంచి గరిటె తెచ్చాడు.

"పులుసు గరిటె ఎందుకు ఎత్తకొచ్చినావు? అంటుతో అరుగుమీద పెడతారా?" అని పెంచలమ్మ గడప లోపల్నుంచి అంది.

"అమ్మా, గరిటె నీ దగ్గర లేదు. ఇప్పుడు నువ్వు మాట్లాడకూడదు."

తన గరిటె తన దగ్గర లేనందువల్ల తను మాట్లాడకూడదన్న సంగతి జీర్ణం కావడానికి పెంచలమ్మకు కొంత టైము పట్టింది.

మొదట గరిటె చెంచురామయ్య చేతికి వెళ్ళింది. "ఒక మంచి మాటతో మొదలుపెట్టు నాయనా, అమ్మను చూసి" అని కొడుకు అన్నాడు. ఆయన గరిటెను అటూ ఇటూ తిప్పి, గోడను చూసి, కప్పును చూసి, ఆఖరికి గడప దిక్కు చూపు తిప్పాడు. తొమ్మిదేళ్ళ తరవాత మొగుడి కళ్ళు తన మీద పడగానే పెంచలమ్మ కొంగు సర్దుకుంది. ఆయన ఏం చెప్పబోతున్నాడో వినీలకు ముందే అర్థమైంది.

"పొద్దన్నే నా బీపీ మాత్ర సంగతి అడిగి పంపిస్తావే, ఒక్కరోజు గూడా తప్పకుండా. ఆ ఒక్కటి మంచిది నీలో" అన్నాడు చెంచురామయ్య.

"నేనెప్పుడు అడిగినా?" అంది పెంచలమ్మ.

"అత్తయ్య అడగమన్నాది అని వినీల రోజూ చెప్పటంలా?"

"నేను అడగమన్లా. నాకెందుకు నీ మాత్రలు?" అని పెంచలమ్మ లేచి వచ్చి గరిటె లాక్కుంది. "నువ్వు మాత్రం, పులుసు కుదిరిందని నిన్న గూడా చెప్పి పంపినావు గదా. చెల్లెలి పులుసు మరిచిపొయ్యినావనుకుంటి."

"కుదిరిందని నేనెందుకంటా? ఉప్పు ఎక్కువైందని చెప్పి పంపినా."

పెంచలకృష్ణ స్తంభం వదిలి ముందుకు వచ్చాడు. గరిటె కోసం చెయ్యి చాపాడు కానీ పెంచలమ్మ ఇవ్వలేదు, ఇక ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు. గరిటె లేకుండానే ఆయన గట్టు సంగతి ఎత్తాడు. గట్టు తెంచుతానన్నాను కానీ ఎత్తు చెయ్యమని నేను బతిమలాడలేదని తండ్రి అరిచాడు. వాన కురిసినప్పుడు కయ్యకు అడ్డం నిలబడి నీళ్ళు మళ్ళించినందుకు తండ్రి మెచ్చుకున్నాడని ఈయనా, ఎవడు మెచ్చుకున్నాడని ఆయనా. ఒక్కో మాట బయటికి తీసి చూసుకుంటుంటే, ఇన్నేళ్ళలో తమ మధ్య నడిచిన మంచి మాటల్లో ఒక్కటీ తమది కాదని వాళ్ళకు తెలిసివచ్చింది. అప్పుడు నలుగురూ ఒకేసారి వినీల వైపు తిరిగారు.

"ఇన్నాళ్ళూ అబద్దాలు చెప్తా వొచ్చినావా?" అన్నాడు చెంచురామయ్య.

"మా ఇంట్లో మమ్మల్నే ఆడించినావే" అంది పెంచలమ్మ, మొగుడి మాటకు వత్తాసుగా.

"అంటే నాయన నా మీద మెత్తబడింది గూడా ఉత్తదేనా?" అన్నాడు పెంచలకృష్ణ. ఆయన గొంతులో కోపం కంటే దిగులు ఎక్కువగా ఉంది, కానీ అది పట్టించుకునే పరిస్థితి అక్కడ ఎవరికీ లేదు.

నరేంద్రబాబు కాగితం పక్కన నిలబడి ఆనందంగా చూస్తున్నాడు. గ్రూపులో ఐక్యత కుదరాలంటే ముందు ఒక బలిపశువు దొరకాలని చెన్నైలో చెప్పారు. ఇంత త్వరగా దొరుకుతుందని ఆయన అనుకోలేదు. నాయనా అమ్మా ఒకే మాట మీద ఉన్నారు, అన్నా నాయనా ఒకే దిక్కు చూస్తున్నారు. తొమ్మిదేళ్ళలో ఇది మొదటిసారి. బలిపశువు తన పెళ్ళామన్న సంగతి ఆయనకు తట్టిందో లేదో చెప్పలేం.

ఆ ఊపులోనే ఉద్యోగం సంగతి చర్చకు వచ్చింది. ఇంట్లోనే ఇంత చేసింది, బయటికి పోతే ఇంకేం చేస్తుందో అన్నారు. వద్దనేవాళ్ళు చెయ్యెత్తమన్నాడు నరేంద్రబాబు. చెంచురామయ్య చెయ్యెత్తాడు. పెంచలమ్మ గరిటెతో సహా ఎత్తింది. పెంచలకృష్ణ కాస్త తటపటాయించి ఎత్తాడు. చివరికి, ఏకాభిప్రాయానికి గౌరవం ఇవ్వాలి కాబట్టి, నరేంద్రబాబు కూడా ఎత్తాడు. నీ అభిప్రాయం ఏమిటని వినీలను అడగటం కార్యక్రమంలో లేదు. ఆమె లేచి టిఫిను గిన్నెలు తీసుకుని దొడ్లోకి వెళ్ళింది. ఏడుపు వచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. మోసినంత కాలం బరువని తెలియలేదు, అబద్ధాలన్నాక తెలిసింది.

సాయంత్రం ఎండ తగ్గాక ఒక వింత మొదలైంది. మొదట చెంచురామయ్య, గేదెకు గడ్డి వేసే నెపంతో దొడ్లోకి వచ్చాడు.

"పొయ్యి చేరమ్మా ఆ పన్లో. చదివిన చదువు ఎందుకు వూరక పోవాల? మీ అత్త వొద్దంటుండాది గదాని నేను చెయ్యెత్తినా. నాకేం లేదని మీ అత్తకు నువ్వే చెప్పు, నేను చెప్పినానని చెప్పబాక."

ఆయన వెళ్ళిన కాసేపటికి పెంచలమ్మ వంటింట్లోకి పిలిచింది. "మీ మామ ఎత్తినాక నేను ఎత్తకపోతే నలుగురిలో ఆయన మాట తీసేసినట్టు గాదా? నువ్వు పోతే నాకేం నొప్పి? నాకు ఇష్టమేనని ఆయనకు మెల్లగా చెప్పు." తొమ్మిదేళ్ళుగా మొగుడితో మాట్లాడని మనిషి మొగుడి మాట తీసేయకూడదనుకోవడం ఆ ఇంట్లోనే సాధ్యం.

పెంచలకృష్ణ పంపుసెట్టు కాడ ఆపాడు. నీళ్ళు పరీక్షకు నెల్లూరు దాకా మోసుకుపోలేక చస్తున్నానని, ఇంటి మనిషి ఇందుకూరుపేట ల్యాబులో ఉంటే అంతకంటే ఏం కావాలని అన్నాడు. "నాయనకు నువ్వే ఏదో ఒకటి చెప్పుకో. నీకు చెప్పేది వొచ్చు గదా" అని నవ్వబోయి, పొద్దున జరిగింది గుర్తొచ్చి ఆపేశాడు.

గదిలో నరేంద్రబాబు ట్యాగు తీసి మంచం మీద పెట్టాడు. "పర్సనల్‌గా నేను నీ పక్షమే వినీ. ఫెసిలిటేటర్‌ను కాబట్టి బయటపడకూడదు. వాళ్ళతో నువ్వు మాట్లాడుకో, నేను అడ్డం రాను" అన్నాడు.

వినీల మంచం అంచున కూర్చుంది. ఎవరికీ వద్దని లేదు, అయినా నలుగురూ చేతులెత్తారు. ఈ నాలుగు మాటల్నీ రాత్రి భోజనాల లోపల అటూ ఇటూ చేరవేస్తే, రేపు పొద్దున్నే ఆశీర్వాదాలతో పంపుతారు. ఆ పని ఆమెకు నిద్రలో కూడా చేతనవును. కానీ అలా పంపితే, సాయంత్రం తిరిగొచ్చేసరికి గడపలో ఒక గ్లాసూ ఒక మాటా ఆమె కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. అదే జీవితం, మధ్యలో ఒక ఉద్యోగం తగిలించుకుని. ఆమెకు మొదటిసారి ఆ నలుగురి మీదా కోపం వచ్చింది. ఒళ్ళంతా మండిపోయేంత కోపం.

"మీరు చెప్పాల్సింది మీరే చెప్పండి" అంది భర్తతో. తరవాత వంటింట్లోకి, దొడ్లోకి, పంపుసెట్టు కాడికి వెళ్ళి ఆ ముగ్గురికీ అదే మాట చెప్పింది. ఆ రాత్రి అందరూ కలిసి భోంచేశారు. ఉప్పు తక్కువైందని చెంచురామయ్యకు అనిపించింది కానీ ఎవరితో చెప్పి పంపాలో తెలియక తినేశాడు.

సోమవారం పొద్దున వినీల డబ్బా సర్దుకుని వసారాలోకి వచ్చింది. అందరూ అక్కడే ఉన్నారు. తక్కినవాళ్ళ ఇష్టం ఆమె నోట వినబడుతుందేమోనని ఒక్కొక్కరూ ఆమె ముఖం వైపే చూస్తున్నారు. ఆమె ఎవరి మాటా చెప్పలేదు.

"నేను పన్లో చేరతుండా. నాకు పోవాలని ఉంది" అంది.

ఎవరూ సరేనని అనలేదు, వద్దని కూడా అనలేదు. షేర్ ఆటో హారన్ కొట్టింది. ఆమె చెప్పులేసుకుంది. ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని గేటు దాకా భయపడుతూనే నడిచింది. పిలవడమంటే నేరుగా పిలవాలి. అందుకని ఎవరూ పిలవలేదు.

ల్యాబులో గుంటల నీళ్ళ సీసాలకు చీటీలు అంటిస్తుండగా ఫోను మోగింది. మామ.

"అమ్మా వినీలా, మీ అత్త వంటింట్లో కూచోని ఏడస్తా ఉండాది. ఏమైందో కనుక్కోమ్మా."

"మీరు యాడ ఉండారు మామా?"

"నడవాలోనే. గడప కాడ."

ఏం చెయ్యాలో వినీలకు బాగా తెలుసు. అత్తకు ఫోను చెయ్యాలి. నీకెందుకమ్మే అని ఆమె కసిరితే, ఉల్లిపాయలు తరుగుతోందట మామా అని ఈయనకు చెప్పాలి. మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా. ఎదురుగా కరుణాకుమారి గారు ఇంకో సీసా పట్టుకుని నిలబడ్డారు.

"మీరే అడగండి మామా" అంది.

"నేనా?"

"మీరే."

ఆయన ఫోను పెట్టేయలేదు. ఆమె కూడా పెట్టేయలేదు. ఏరేటర్ల మోత, దాని వెనక ముసలాయన ఊపిరి వినబడుతున్నాయి. చాలాసేపటికి ఆయన గొంతు, ఫోనులోకి కాకుండా అవతలికి, అంది.

"ఏందే. ఎందుకు ఏడస్తుండావు?"

గిన్నె ఏదో కిందపెట్టిన చప్పుడైంది. తరవాత పెంచలమ్మ గొంతు, బొంగురుగా, మోత దాటుకుని వచ్చింది.

"ఇన్నేండ్లకా అడిగేది?"

వినీలకు కళ్ళు నిండాయి. ఈ మాటను ఆమె మెత్తబరచలేదు, ఈ మాట ఆమె చేతికి ఎవరూ ఎప్పుడూ ఇచ్చి పంపలేదు కూడా. దానికి మామ ఏం చెప్తాడో వినాలని ప్రాణం కొట్టుకుంది. వినకుండానే ఫోను పెట్టేసి, కరుణాకుమారి గారి చేతిలో సీసా అందుకుంది.